శనివారం నీళ్ళు తాగని మనిషి

మా ఊళ్ళో గుర్రాలకు నీళ్ళతొట్టి కట్టించింది నేను. ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి చెప్పడం నాకలవాటు. ముందే చెప్పేస్తే పని తీరిపోతుందని చెబుతున్నాను. కార్వెల్‌లో కోర్టు ఎదురుగా నల్లరాతి తొట్టి కనిపిస్తుంది. పైన మనుషులకు చిన్న గిన్నె, నడుమ గుర్రాలకు పెద్ద తొట్టి, నేలబారుగా కుక్కలకు పళ్ళెం. దానిమీద మా మహిళా మండలి పేరు చెక్కారు. కింద నా పేరు కూడా చెక్కమని నేను అనలేదు. అనకుండానే చెక్కేలా చూసుకున్నాను.

అప్పట్లో మా అయోవా రాష్ట్రంలో ఏ ఊరికి వెళ్ళినా సంస్కరణల గాలే వీస్తోంది. రైలు కంపెనీలు నాయకులకిచ్చే ఉచిత టిక్కెట్లు పోవాలి. అభ్యర్థుల్ని పార్టీ పెద్దలు కాదు, జనం ఎంచుకోవాలి. డబ్బాల్లో మాంసం శుభ్రంగా ఉండాలి, పిల్లలు మిల్లుల్లో పనిచెయ్యకూడదు, సారా మానాలి, ఆడవాళ్ళకు వోటు రావాలి. వీటిలో నేను దేన్నీ వదిలిపెట్టలేదు. ఒక్కో ఉద్యమానికి ఒక్కో రంగు రిబ్బను ఉండేది. అన్నీ గుచ్చుకుని గుమ్మం దిగుతుంటే మా ఆయన ఆల్డెన్ "జిల్లా సంతలో బహుమతి కొట్టిన ఆవులా ఉన్నావు, లవీనియా" అనేవాడు. ఆయన ఇనుపసామాన్ల వ్యాపారి, ఊరి కౌన్సిలు మెంబరు. మెచ్చుకున్నాడనే అనుకునేదాన్ని.

'నగర పాలనలో స్త్రీ హస్తం' అని ఒక వ్యాసం రాసి చుట్టుపక్కల ఊళ్ళలో చదివాను. ఒకచోట విన్నవాళ్ళలో సగంమంది కునికారు. ఒకావిడ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ విన్నది. నా జీవితం ధన్యమైందనుకున్నాను. ఆవిడకు పంటినొప్పని తర్వాత తెలిసింది.

ఇంతటి నాకు, మా దొడ్డిగుమ్మం దగ్గర ప్రతి శనివారం వెన్న తెచ్చిచ్చే మనిషి సంగతి తెలియలేదు. ఆ మనిషి థీరా లారిట్సెన్.

థీరా డెన్మార్కు నుంచి పడుచుదనంలో వచ్చింది. వాళ్ళ పినతండ్రి తన పొలంలో పాలు పితికే పనికి పిలిపించుకున్నాడు. అక్కడే ఆండర్స్‌ను పెళ్ళాడింది. వాళ్ళ పొలం ఊరికి ఉత్తరాన, బండిలో వస్తే పొద్దున్న బయల్దేరి ఎండెక్కాక చేరే దూరం. ఆండర్స్ మంచివాడు, కానీ మాట బయటికి రావడానికి అతని నోట్లో చాలా దూరం నడవాలి. పక్క పొలంవాళ్ళు ఐరిష్‌వాళ్ళు, వీళ్ళ భాష వాళ్ళకు రాదు. థీరా ఇంగ్లీషును కొట్టువాళ్ళు పంపే సరుకుల పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకుంది. అందుకే ఆవిడ మాట్లాడితే ఏ వస్తువును ఆ పేరుతోనే పిలిచేది. చుట్టూ తిప్పి చెప్పడం ఆ పుస్తకంలో లేదు కాబోలు.

పెద్ద చేతులు, ఎర్రటి ముఖం, ఎప్పుడూ ఉతికి గంజిపెట్టిన నీలం ఏప్రను. ఆవిడ వెన్న మా ఊరి కొట్లలో దొరికే వెన్నలా ఉప్పుకషాయంలా ఉండేది కాదు. తడిగుడ్డ విప్పితే మీద హంస ముద్ర. శనివారం నేను ఆ హంసను చూసి మురిసి, మర్యాదకు "లోపలికి రా, కాస్త నిమ్మరసం తాగు" అనేదాన్ని. "వద్దమ్మగారూ" అనేది. కాఫీ అంటే వద్దు. ఎండాకాలంలో చల్లటి నీళ్ళంటే వద్దు. ఏళ్ళ తరబడి ఆవిడ నోటివెంట మరో మాట రాలేదు.

నేను దీన్ని గురించి ఆలోచించకపోలేదు. ఆలోచించి, ఇది డేనిష్ పొగరని తేల్చాను. తర్వాత ఇంకొంచెం ఉదారంగా ఆలోచించి, నా వ్యాసంలో ఒక పేరా కలిపాను. పల్లెటూరి స్త్రీ నిగ్రహం గురించి, అది నగర స్త్రీలకు ఆదర్శమని. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆగస్టులో ఒక శనివారం, మొక్కజొన్న ఆకులు కూడా మెలిపడిపోయిన ఎండలో, థీరా మా గుమ్మంలో వెన్నబుట్ట కింద పెట్టి, దాని పక్కనే తనూ కూలబడింది. అప్పటికి ఆవిడకు ఐదో నెల. నేను కంగారుగా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని విసిరాను. విసరడానికి చేతికి దొరికింది బిగుతు కోర్సెట్ల వల్ల కలిగే అనర్థాల గురించి మా మండలి అచ్చువేయించిన కరపత్రం. ఆవిడ కళ్ళు తెరవగానే అది చేతిలో పెట్టి, "నడుం ఇలా బిగించుకోకూడదమ్మా" అన్నాను.

థీరా దాన్ని తిరగేసి చూసి నాకే ఇచ్చింది. "నేనివి తొడుక్కోను అమ్మగారూ. నిన్న సాయంత్రం నుంచీ నీళ్ళు తాగలేదు, అంతే."

"నీళ్ళు తాగకపోవడమేంటి? ఈ ఎండలోనా?"

"శనివారం తాగను. తాగితే ఒంటికి వెళ్ళాలి కదా. ఎక్కడికెళ్ళను?"

నాకు అర్థం కాలేదు. అర్థమైంది గానీ, అయిందని ఒప్పుకునే ధైర్యం లేదు.

"మగాళ్ళకేం, సారాకొట్టు వెనకుంది, గుర్రాలశాల వెనకుంది, మంగలిషాపు వెనకుంది" అంది థీరా. "మేం పొద్దుణ్ణుంచీ బండిమీదే. ఆండర్స్ గింజలమ్మి, నాగలికర్రు సానపట్టించుకుని వచ్చేసరికి సాయంత్రం అయిపోద్ది. పిల్లకి పాలివ్వాలన్నా దుప్పటి కప్పుకుని బండిమీదే. మళ్ళీ ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకోవాలి. డాక్టరు చూసి మూత్రపిండాలు పాడవుతున్నాయన్నాడు. ఇలాగైతే ఇంక ఊరు రానివ్వనంటున్నాడు మా ఆయన."

"మా ఇల్లుంది కదే. అడగొచ్చుగా నన్ను."

థీరా నావంక తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఈ గుమ్మం దాటి ఎప్పుడన్నా లోపలికొచ్చానా అమ్మగారూ? వెన్న ఇచ్చే మనిషి, మీ మరుగుదొడ్డికి వెళ్ళొస్తానని ఎలా అడుగుతుంది? పోనీ సిగ్గిడిచి నేనొక్కదాన్ని అడిగాననుకోండి. ఓసారి కోర్టు దాకా వెళ్ళి బళ్ళమీద ఎంతమంది కూచున్నారో చూసిరండి. అందర్నీ మీ దొడ్లోకే తోలుకురమ్మంటారా?"

లేచి బుట్ట సర్దుకుంటూ ఇంకో మాట అంది. "ఇంటికాడ నాతో మాట్లాడేవాళ్ళు ఆవులే. వారానికోసారి మనుషుల మొహాలు చూస్తాను. ఈ శనివారం కూడా పోతే నాకింకేం మిగల్దు."

ఆవిడ వెళ్ళాక నేను కోర్టు దాకా వెళ్ళాను. బళ్ళమీద ఆడవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. గుర్రాలు నా తొట్టిలో నీళ్ళు తాగి, తాగినచోటే తమ పని కూడా నిశ్చింతగా కానిచ్చేస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆ తొట్టి పక్కనుంచి నడుస్తూ నేను చూసింది రాతిమీద నా పేరొక్కటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆల్డెన్‌తో అన్నాను. "ఏమండీ, ఆడవాళ్ళకి ఓ గది కావాలి."

"ఏ ఆడవాళ్ళకి?"

"శనివారం బళ్ళమీద వచ్చేవాళ్ళకి. కూచోడానికీ, పిల్లల్ని పడుకోబెట్టడానికీ... దానికీ."

"దేనికి?"

"దానికే."

ఆల్డెన్ బంగాళదుంప నమిలి మింగేదాకా ఆలోచించాడు. "కోర్టు పక్కన ఊరి గది ఒకటి ఖాళీగా ఉంది. కానీ గొట్టాలు వెయ్యాలి, పొయ్యి పెట్టాలి, చూసుకునే మనిషుండాలి. పన్ను పెంచకుండా అవదు. పన్ను పెంచాలంటే ఊరివాళ్ళ వోటు కావాలి. పెడదాం. జనమే తేల్చాలని నువ్వేగా ఎప్పుడూ అంటావు."

మా ఆయన ఇంత ఉత్తముడని తెలిసి పొంగిపోయి, ఆయనకు రెండో ముక్క ఆపిల్ కేకు వడ్డించాను. ఆ వడ్డింపు ఎంత దండగో మర్నాడు తెలిసింది. ఏదో పనిమీద ఆయన కొట్టుకెళ్ళి మేకుల పీపాల వెనక నిలబడ్డాను. ముందువైపు ఆల్డెన్ ఎవరో నేస్తంతో మాట్లాడుతున్నాడు.

"పన్ను పెంచమంటే ఎవడు వోటేస్తాడయ్యా? మా ఆవిడ ముచ్చటా తీరుద్ది, ఊరికి ఖర్చూ తప్పుద్ది."

"పన్ను సంగతైతే మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి కూడా వోటుంది కదా?"

"ఉంది. ఎన్నేళ్ళనుంచో ఉంది. ఒక్కతన్నా వచ్చిందా? అంతెందుకు, మా ఆవిడే రాలేదు. ఊరూరా తిరిగి వోటు వోటు అని గొంతు చించుకునే మనిషి."

నేను పీపాల వెనకనుంచి నిశ్శబ్దంగా ఇంటికొచ్చేశాను. ఆయన్ని కడిగెయ్యాలనే అనుకున్నాను, కానీ ఆయనన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. గవర్నరును ఎన్నుకునే వోటు లేదు గానీ, ఊరు పన్ను పెంచేటప్పుడు, అప్పు చేసేటప్పుడు ఆడవాళ్ళకు వోటుంది. ఆ చట్టం సంగతి నా వ్యాసంలో నేనే రాశాను, 'ఇది మనకు విసిరిన ఎంగిలి ముక్క' అని. ముక్కను తిట్టాను గానీ ముట్టుకోలేదు. వోటువేసే చోటు ఫైరింజను షెడ్డు. నేలంతా పొగాకు ఉమ్ము, గోడవారగా ఉమ్మితొట్లు, వాటి చుట్టూ మగాళ్ళు. నా గౌను అంచు పాడవుతుందని స్త్రీజాతి హక్కును వదులుకున్నదాన్ని నేను.

వోటింగు అక్టోబరులో. థీరాకు వోటు లేదు, వాళ్ళ పొలం ఊరి పొలిమేర బయట. వోటున్నవాళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళు, వాళ్ళందరికీ ఇళ్ళూ, ఇళ్ళ వెనక వసతీ ఉన్నాయి. నేను ఇల్లిల్లూ తిరిగాను. 'విశ్రాంతి' అన్నాను, 'గౌరవం' అన్నాను, 'మానవత్వం' అన్నాను. అందరూ తల ఊపి కేకు పెట్టి పంపించారు. అక్టోబరు దాకా అలా తిరిగితే నా గౌన్లు వదులు చేయించుకోవాల్సి వచ్చేది.

మండలి సమావేశంలో ఇంకా అన్యాయం. ఆ ఏడాది మా పాఠం ఫ్లారెన్స్ నగర చిత్రకళ. ఇటలీ వాళ్ళు గోడలమీద వేసిన బట్టల్లేని మనుషుల గురించి నిర్భయంగా మాట్లాడుకునేవాళ్ళం. ఈ గది దగ్గరికొచ్చేసరికి ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ మధ్యాహ్నమంతా చర్చించాం, ఆ పనికి పేరు పెట్టకుండా. ఆల్డెన్ అక్కగారు ఆర్విల్లా వదిన మాత్రం తేల్చి చెప్పింది.

"ఎరువు తొక్కిన బూట్లతో వచ్చి కూచునేవాళ్ళకి నేను పన్ను కట్టాలా? నీకు పని లేకపోతే తొట్టికి ఇంకో అంతస్తు కట్టించు, పిల్లులకి. పేరు చెక్కుకోడానికి ఇంకా చోటుంది."

"వదినా, అది కాదు..."

"ఏది కాదు? అసలు ఆ గది దేనికో ఒక్కసారి నోరారా చెప్పు, వింటాను."

నేను నోరు తెరిచి, "విశ్రాంతికి" అన్నాను.

ఆ తర్వాతి శనివారం థీరాకు ఈ గొడవంతా చెప్పి నిట్టూర్చాను. ఆవిడ శ్రద్ధగా విని, "నన్ను తీసుకెళ్ళండి" అంది. వెన్నమనిషిని మండలికి పిలిచే పద్ధతి మాకు లేదు. అందుకని 'డెన్మార్కు ఆచారాలు' అని కాగితంమీద రాసి, వక్తగా పిలిచాను. తెలివైన పని చేశాననుకున్నాను. సమావేశం ఆర్విల్లా వదిన ఇంట్లో పడింది.

ఇక్కడ మా వదిన కాఫీ గురించి చెప్పాలి. గుడ్డుపెంకు వేసి కాచి, అడుగు తేలకుండా వంచే కాఫీ అది. చర్చి విందులకు ఆవిడ కాచకపోతే జనం కూచోరు. కాదన్న మనిషి అప్పటిదాకా పుట్టలేదు. థీరా నల్ల ఆదివారపు గౌనులో, కుర్చీ అంచున, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని కూచుంది. వదిన పింగాణీ కప్పు అందించింది.

"వద్దమ్మగారూ."

"ఒక్క గుక్క తాగమ్మా. మీ దేశంలో ఇలాంటిది దొరకదు."

"వాసన బాగుంది. వద్దు."

"అంటే నా కాఫీ నచ్చలేదా?"

"నచ్చుద్ది. కానీ ఇవ్వాళ శనివారం. ఆండర్స్ సాయంత్రందాకా రాడు. ఇది తాగితే ఒంటికి ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి. చెబితే కుండెడైనా తాగుతాను."

అందరూ చెంచాలు దించి తమ కప్పుల్లోకి చూసుకున్నారు. థీరా అందరి మొహాలూ చూసింది, తను ఏదో వస్తువు పేరు తప్పు చెప్పిందేమోనన్నట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పుకుపోయింది. శుక్రవారం సాయంత్రం నుంచీ గొంతు తడుపుకోకపోవడం, పెద్దపిల్ల బండిలోనే తడుపుకుని సిగ్గుతో మళ్ళీ ఊరికి రానని ఏడవడం, పక్క బండి ముసలావిడ దాని వెనక గోనెసంచులు కట్టుకుని చాటు చేసుకోవడం. డెన్మార్కు ఆచారాల ఊసే ఎత్తలేదు.

"మాకు విశ్రాంతి అక్కర్లేదమ్మగారూ" అంది చివరికి, నావైపు తిరిగి. "విశ్రాంతి ఇంటికెళ్ళి తీసుకుంటాం."

నా చెవులు మండిపోయాయి. వదిన ఇంట్లో మేడమెట్ల కింద కొత్తగా వేయించిన, గొలుసు లాగితే నీళ్ళొచ్చే గది ఉందని మా అందరికీ తెలుసు. వదిన దాన్ని చూపించలేదు. కప్పు వెనక్కి తీసుకుని, చల్లారిపోయిన ఆ కాఫీని తనే తాగింది. థీరా లేచి, నమస్కారం పెట్టినట్టు తలవంచి వెళ్ళిపోయింది. అంతా చెడిపోయిందనుకున్నాను.

వోటింగు రోజు పొద్దున్న రబ్బరు బూట్లు తొడుక్కుని ఫైరింజను షెడ్డుకు వెళ్ళాను. భయం వేసింది, అబద్ధమెందుకు. వేదికలమీద చెయ్యెత్తి గర్జించేదాన్ని గుమ్మం దగ్గర గౌను ఎత్తిపట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాను. నాతో రావడానికి ఒప్పుకున్నవాళ్ళు కొద్దిమంది నా వెనక దాక్కున్నారు. బల్ల దగ్గర కూచున్నది ఆల్డెన్.

"పేరు?" అన్నాడు, తలెత్తకుండా.

"మీ ఇంట్లోనే ఉంటాను."

తలెత్తాడు. నా వెనక ఉన్నవాళ్ళను చూశాడు. రంగు మారింది. ఆడవాళ్ళ వోట్లకు వేరే పెట్టె ఉండాలి, చట్టంలో ఉంది. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి ఫైరింజనువాళ్ళు అటకమీంచి దించారు. అందులో వాళ్ళ పేకముక్కలు, సగం తిన్న రొట్టె ఉన్నాయి. దులిపి బల్లమీద పెట్టారు. నా స్వాతంత్ర్యాన్ని రొట్టెపొడి మధ్యన వేసి వచ్చాను.

మధ్యాహ్నానికి మా మండలిలో చాలామంది వచ్చారు. నేను రోడ్డు అవతల నిలబడి చూస్తున్నాను. మూసే వేళకు ముందు ఆర్విల్లా వదిన గొడుగు నేలకు పొడుచుకుంటూ వచ్చింది. వెనకాల వాళ్ళ వీధివీధంతా ఉంది.

"నీకోసం రాలేదు" అంది నా పక్కనుంచి వెళ్తూ. "ఆ మనిషి నా ఇంటికొచ్చి నా కాఫీ ముట్టుకోకుండా వెళ్ళింది. ఆ గది కట్టాక కూడా తాగనందనుకో, అప్పుడు చెప్తాను దాని పని."

మగాళ్ళ పెట్టెలో గది ఓడిపోయింది. ఆడవాళ్ళ పెట్టె కలిపాక గెలిచింది. ఆ రాత్రి ఆల్డెన్ వచ్చి కోటు విప్పి మేకుకు తగిలించాడు. తర్వాత, "జనం తేల్చారు" అన్నాడు. ఆయనమీద నాకు నిజంగా ప్రేమ కలిగింది, ఓడిన మొహంతో కూడా ఆపిల్ కేకు అడిగాడు మరి.

థీరా అక్టోబరు తర్వాత ఊరికి రాలేదు. ఆండర్స్ ఒక్కడే వెన్న తెచ్చేవాడు. "ఎలా ఉంది?" అంటే కాసేపు ఆలోచించి, "ఉంది" అనేవాడు. కాన్పు కష్టమైందనీ, మనిషి కాళ్ళు వాచి మంచంలోనే ఉందనీ డాక్టరు చెబితే తెలిసింది. గొట్టాలవాడు ఆలస్యం చేసిన రోజుల్లో నేను నిద్రపోలేదు. గది తయారయ్యేసరికి ఆ మనిషి ఉండకపోతే అన్న ఆలోచన వస్తే లేచి కూచునేదాన్ని. ఏ వ్యాసం రాసినా అంత భయపడలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం గది తెరిచాం. గడ్డకట్టే చలి. తలుపుకు రిబ్బను కట్టించాను. రాయకుండా ఉండలేక ఉపన్యాసం కూడా రాశాను. బళ్ళు వచ్చి ఆగాయి, ఆడవాళ్ళు దిగి గుమ్మం ముందు గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ మధ్య థీరా. సగం చిక్కిపోయింది, కానీ నిలబడింది. చేతుల్లో శాలువాలో చుట్టిన పసివాడు. గబగబా వెళ్ళి శాలువా అంచు ఎత్తి వాణ్ణి చూసొచ్చాను. ఆ ఉద్వేగంలో ఉపన్యాసం మామూలుకన్నా నిదానంగా మొదలుపెట్టాను. రోమునగరం స్నానశాలల దగ్గర ఎత్తుకుని, మధ్యయుగాలు దాటి, మన రాష్ట్ర చట్టసభ దాకా వచ్చాను. ఎదురుగా ఉన్నవాళ్ళు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటున్నారు. చలికనుకున్నాను.

థీరా ముందుకొచ్చింది.

"అమ్మగారూ, ముందు తలుపు తియ్యండి."

కాగితాలు మడిచి తలుపు తీశాను. రిబ్బను తెంపుకుని మరీ లోపలికి తోసుకుపోయారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

పొద్దుణ్ణుంచీ ఏర్పాట్లతో తిరిగిన నాకు కూడా అవసరం పడింది. ఇల్లు నాలుగు వీధుల అవతల. వెళ్ళి వరసలో ఆఖర్న నిలబడ్డాను. నా ముందున్న ముసలావిడ గోనెసంచి శాలువాలా కప్పుకుని ఉంది. తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వే పొలం నుంచమ్మా?"

"పొలం కాదు. ఈ ఊరే."

"ఊళ్ళో ఉండి కూడా నీకిది లేదా, పాపం" అని, నా చెయ్యి పట్టుకుని తనకంటే ముందు నిలబెట్టింది.